కాశిబుగ్గ, ఎనుమాముల వైపు తిండి కోసం ఒక రోజు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఏమి అడగాలి

"వరంగల్ వస్తున్నాం, ఎక్కడ తినాలి?" ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లలో చాలామంది వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, ఖిలా వరంగల్ చూసుకుని, హనుమకొండలో ఏదో పెద్ద హోటల్లో బిర్యానీ తిని, సాయంత్రానికి రైలెక్కేస్తారు. ఆ బిర్యానీ బాగానే ఉంటుంది. కానీ అలాంటిది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. వరంగల్ తిండి వరంగల్‌లా ఉండే చోటు పోచమ్మమైదాన్ దాటాక మొదలవుతుంది. కాశిబుగ్గ, కొత్తవాడ, ఆ పైన ఎనుమాముల మార్కెట్. పర్యాటకుల పటాల్లో ఈ పేటలు కనిపించవు. ఇక్కడ చూడదగ్గ కట్టడాలు తక్కువ, తినదగ్గ పొయ్యిలు ఎక్కువ.

హోటళ్ల పేర్ల జాబితా ఇవ్వడం లేదు. వంట మనిషి మారితే మెస్ మారుతుంది, బండి ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్తుంది, పేరు మాత్రం పాతదే మిగులుతుంది. దానికి బదులు వెతికే పద్ధతి చెబుతాను. అందులో ముఖ్యమైన సంగతి ఒక్కటే: ఈ పేటల్లో తిండి పనివేళలను బట్టి నడుస్తుంది. ఎవరి ఆకలి కోసం పొయ్యి వెలిగిందో కనుక్కుంటే, ఏ వేళకు ఎక్కడ ఉండాలో మీకే తెలిసిపోతుంది.

కావలసినవి

- తెల్లవారకముందే లేచే ఓపిక. ఇది లేకపోతే సగం రోజు పోయినట్టే.
- చిల్లర. ఫోనుతో చెల్లింపు దాదాపు అన్ని చోట్లా నడుస్తుంది. కానీ గంప ముందు పెట్టుకుని అమ్మే పెద్దమ్మ దగ్గర 10, 20 రూపాయల నోట్లే మేలు.
- మూత గట్టిగా పడే స్టీలు డబ్బా, మంచినీళ్ల సీసా.
- మిర్చి సీజనులో వెళ్తే ముక్కుకు, నోటికి కట్టుకోవడానికి మెత్తని రుమాలు. అద్దాలు పెట్టుకునే అలవాటుంటే మరీ మంచిది.
- చిన్న కొబ్బరినూనె సీసా, సబ్బు ముక్క. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- ఒకరో ఇద్దరో తోడు. ఒక్కో చోట ఒక ప్లేటు తీసుకుని పంచుకుంటేనే ఆరేడు రకాలు రుచి చూడగలరు. అయితే నలుగురికి మించి గుంపుగా వెళ్లవద్దు. చిన్న మెస్‌లో బల్లలు ఉండేవే నాలుగైదు.

దారి

రైల్వే స్టేషన్ నుంచి వరంగల్ చౌరస్తా, పోచమ్మమైదాన్ మీదుగా కాశిబుగ్గ. అక్కడి నుంచి ఎనుమాముల. హనుమకొండ నుంచి వచ్చేవాళ్లు ఎంజీఎం ఆసుపత్రి మీదుగా పోచమ్మమైదాన్ చేరితే సరి. ఆటోలో వెళ్లి, తిరిగేటప్పుడు కాశిబుగ్గ నుంచి కొత్తవాడ దాకా నడవండి. సొంత కారు తీసుకెళ్లకండి. మార్కెట్ రోడ్డులో సరుకు బండ్ల మధ్య ఇరుక్కుంటే పొద్దున్న తినవలసిన టిఫిను మధ్యాహ్నం తింటారు.

1. నెల చూసుకోండి, ఆపైన వారం చూసుకోండి

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరుంది. అది నడిచే రోజు వేరు, మూసిన రోజు వేరు. వారాంతాల్లోను, పండుగలకు సెలవు. ఎండలు ముదిరినప్పుడు వరుస సెలవులు కూడా ప్రకటిస్తారు. స్థానిక దినపత్రికల జిల్లా పేజీల్లో ముందు రోజే వస్తుంది, లేదా ఆ వైపు ఆటో అన్నను అడిగినా చెబుతాడు. సెలవు రోజున వెళ్తే సగం బండ్లు ఉండవు.

నెలల లెక్క ఇది. అక్టోబరు నుంచి పత్తి వస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి జోరు. తొలిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఫిబ్రవరి చివరి వారం లేదా మార్చి మొదటి వారం. ఎండ ఇంకా చంపదు, యార్డు నిండుగా ఉంటుంది, తెల్లవారుజామునే పొయ్యిలు వెలుగుతాయి.

మిగిలిన కాలాల్లో వెళ్లినా ఖాళీ చేతులతో రారు. సంక్రాంతి ముందు వారం సకినాల వాసన వీధి వీధికీ ఉంటుంది. వేసవిలో తాటి ముంజలు, అంబలి. జూన్ మొదట్లో మృగశిర కార్తె నాడు ఊరంతా చేపలే. రాష్ట్ర చేప కొర్రమీను ధర ఆ ఒక్కరోజు ఆకాశానికి వెళ్తుంది కాబట్టి, చేపల కూర తినాలనుకుంటే రెండు రోజులు ఆగి వెళ్లండి. వానల్లో కాల్చిన మక్క కంకులు, బోడకాకర కూర. చలి మొదలయ్యే ముందు సీతాఫలాలు.

శ్రావణ, కార్తీక మాసాల్లో చాలా మెస్‌లలో మాంసం తగ్గిపోతుంది. నాటుకోడి కోసమే వెళ్లేవాళ్లు ఆ రెండు నెలలు తప్పించుకుని, మిగిలిన నెలల్లో ఒక ఆదివారం వెళ్లాలి. అంటే మార్కెట్ రోజు, మాంసం రోజు ఒకటి కావు. రెండూ ఒకే రోజులో కుదర్చాలని చూడకండి.

2. ఆరు గంటలకల్లా మార్కెట్ దగ్గర ఉండండి

రాత్రంతా సరుకు దిగుతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి బస్తాలు వేసుకుని వచ్చిన రైతులు చాలామంది తమ సరుకు పక్కనే పడుకుంటారు. తెల్లవారాక జెండా పాట, అంటే ఆ రోజు తొలి వేలం, ఉంటుంది. ఆ రోజు మొదటి ధర, సాధారణంగా అన్నిటికన్నా పై ధర, ఆ పాటలోనే పలుకుతుంది. దాని తర్వాత ఖరీదుదారులు రాశి రాశి తిరిగి చూస్తారు, దడవాయిలు తూకం వేస్తారు, హమాలీలు మోస్తారు. ఈ పని మొదలయ్యే లోపు వీళ్లందరికీ కడుపు నిండాలి. మొదటి పొయ్యి వీళ్ల కోసమే వెలుగుతుంది.

గేటు దగ్గర, ఆ చుట్టుపక్కల రోడ్ల మీద టిఫిను బండ్లు చూస్తారు. ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బజ్జీ, ఉప్మా. ఏ బండి ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ముందు ఒక చాయ్ తాగుతూ నిలబడండి. పది నిమిషాలు చాలు. మూడు సంగతులు గమనించండి.

ఎవరు తింటున్నారు? తువ్వాలు తలకు చుట్టుకున్న హమాలీలు ఎక్కువగా ఉన్న బండి దగ్గర నిలబడండి. వాళ్లు రోజూ తింటారు, రోజూ బరువులు మోస్తారు. కడుపు చెడగొట్టే బండి వాళ్ల దగ్గర వారం కూడా నిలవదు.

చట్నీ ఎలా ఉంది? పల్లీల చట్నీ గిన్నెలో నీళ్లు పైకి తేలి, పిండి కిందికి దిగి ఉంటే అది రుబ్బి చాలాసేపైంది. కలిపినప్పుడు గరిటెను చిక్కగా అంటుకుంటే తాజాది.

నూనె ఏ రంగులో ఉంది? బజ్జీ వేసే మూకుడులో నూనె నల్లబడి, అంచుల్లో నురగ ఆగకుండా తిరుగుతుంటే అక్కడ ఇడ్లీ మాత్రమే తినండి.

ఇక్కడ కడుపు నింపుకోవద్దు. ఇద్దరికి ఒక ప్లేటు, అంతే.

3. యార్డు చూడండి, కానీ ఘాటుతో జాగ్రత్త

ఇది తిండి కోసం తిరిగే రోజే అయినా, మధ్యాహ్నం మీ విస్తట్లోకి వచ్చే కారం ఎక్కడి నుంచి వస్తుందో చూడకుండా పోవద్దు. ఎర్రటి రాశుల మధ్య నిలబడితే వరంగల్ వంట ఎందుకు ఇలా ఉంటుందో సగం అర్థమవుతుంది.

రెండు రకాలు గుర్తుపట్టడం నేర్చుకోండి. తేజ సన్నగా, పొడుగ్గా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఘాటంతా దానిదే. చపాటా పొట్టిగా, లావుగా, ఉబ్బినట్టు ఉంటుంది. ఆకారం చూసి టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. కారం తక్కువ, రంగు చాలా ఎక్కువ. పచ్చళ్లకు అందుకే దాన్ని వెతుక్కుంటారు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఈ నేలకు, ఇక్కడి రైతుకు దక్కవలసిన గౌరవం అది. మన ఇళ్లలో మిర్చి పేరు అడిగి కొనేవాళ్లు ఇంకా పెరగాలని నా కోరిక.

జాగ్రత్తలు: రుమాలు కట్టుకునే లోపలికి వెళ్లండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు గేటు బయటే ఆగడం మంచిది. తూకం జరుగుతున్న చోట అడ్డం నిలబడవద్దు, రైతు రాశిలోంచి కాయ తీసి విరిచి చూడవద్దు. అది అతని ఏడాది కష్టం. కాయ పట్టుకోవాలనిపిస్తే అడగండి, సంతోషంగా చూపిస్తారు.

బయటికి వచ్చాక ఉత్త నీళ్లతో చేతులు కడిగితే ఘాటు పోదు. ముందు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, వేళ్ల సందుల్లో రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగండి. పోయిందో లేదో పరీక్షించడానికి వేలి కొనను కింది పెదవికి ఆనించండి. చురుక్కుమంటే ఇంకోసారి కడగాలి. అప్పటిదాకా కళ్ల దగ్గరికి చేయి తీసుకువెళ్లకండి.

4. సర్వపిండి వేటకు మధ్యాహ్నానికి ముందే బయలుదేరండి

వరంగల్‌లో ఒక్కటే తినే అవకాశం ఉంటే ఇదే తినమంటాను. హోటళ్లలో అరుదు. కాశిబుగ్గ, కొత్తవాడ గల్లీల్లో పిండివంటలు చేసి అమ్మే ఇళ్ల దగ్గర, చిన్న స్వగృహ దుకాణాల దగ్గర అడగాలి. బోర్డు మీద రాసి లేకపోయినా అడగండి. "సర్వపిండి వేస్తారా అక్కా?" అంటే, వేయనివాళ్లు కూడా వేసే ఇల్లు చూపిస్తారు. కొందరు గిన్నెప్ప అంటారు, ఆ పేరుతోనూ అడిగి చూడండి. చాలాచోట్ల ముందుగా చెబితేనే చేస్తారు. పొద్దున టిఫిను కాగానే వెళ్లి చెప్పి, పదకొండింటికి మళ్లీ వెళ్లడం ఉత్తమం.

కుదిరితే చేస్తున్నప్పుడు చూడండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కారం, కరివేపాకు, కొత్తిమీర. కొందరు ఉల్లికాడలు వేస్తారు, కొందరు సొరకాయ తురుము కలుపుతారు. ముద్దను గుండ్రటి అడుగున్న గిన్నె లోపల పెట్టి, తడి చేత్తో అడుగు నుంచి అంచుల మీదికి పలచగా ఒత్తుకుంటూ వస్తారు. తర్వాత చూపుడు వేలితో అక్కడక్కడా రంధ్రాలు పెట్టి, ఒక్కో రంధ్రంలో నూనె చుక్క వదిలి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. తిరగేయడం ఉండదు. కాసేపటికి అంచులు గిన్నెను వదిలి లోపలికి ముడుచుకుంటాయి. అది దించే గుర్తు. రెండోది ఒత్తే ముందు గిన్నెను చన్నీళ్లలో పెట్టి చల్లార్చుకోవాలి. లేకపోతే పిండి అంటదు, చేయి కాలుతుంది. ఒక్కో సర్వపిండికి ఇంత సమయం పట్టడం అందుకే. రెండు మూడు గిన్నెలు మార్చి మార్చి వాడే ఇల్లు దొరికితే త్వరగా పని అవుతుంది. "తొందరగా ఇవ్వండి" అని మాత్రం అనకండి. మంట పెంచితే అడుగు మాడుతుంది, నడుమ పిండి పచ్చిగా మిగులుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి. అడుగు గోధుమ రంగులో గట్టిగా ఉండి విరిస్తే టక్కుమనాలి. పైభాగం ఆవిరికి ఉడికి మెత్తగా ఉండాలి. రెండూ ఒకే ముక్కలో ఉండాలి. రెండు వైపులా ఒకే రంగు, ఒకే గట్టిదనం ఉంటే పెనం మీద తిరగేసి కాల్చినట్టే. అది తప్పేమీ కాదు, కడుపు నిండుతుంది, కానీ మీరు వెతుకుతున్నది అది కాదు. శనగపప్పు పంటికి రాయిలా తగిలితే సరిగా నానలేదు.

వేడిగా, వట్టిగా తినండి. పచ్చడి అడగనక్కరలేదు. నంజుకోవాలనిపిస్తే పెరుగు చాలు.

5. మధ్యాహ్నం భోజనం: మెస్‌ను ఎంచుకోవడం

పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళ్లండి. అంతకు ముందు కూరలు పూర్తిగా రావు, రెండు దాటితే అడుగున మిగిలినవే. మార్కెట్‌లో లెక్కలు చూసుకుని తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసిన చీటీ) చేతికి అందాక రైతులు భోజనానికి వచ్చే వేళ కూడా దాదాపు అదే.

లోపల కూర్చునే ముందు వంటవైపు ఒక చూపు వేయండి. ఆ తర్వాత "ఏమేమి ఉన్నాయి?" అని అడిగే బదులు "ఇవాళ పొద్దున ఏమి వండారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు గోడ మీది జాబితా చదివి వినిపిస్తారు. రెండో ప్రశ్నకు నిజం చెబుతారు.

విస్తట్లో వెతకవలసినవి: పుంటికూర (గోంగూర) పప్పు లేదా పుంటికూర మాంసం, ఏదో ఒక వేపుడు, పచ్చిపులుసు, రోటి పచ్చడి. కాలాన్ని బట్టి చింతచిగురు కూడా దొరుకుతుంది, దొరికితే వదలకండి.

నేను మెస్‌ను తూచేది పచ్చిపులుసుతో. పొయ్యి మీద మరిగించేది కాదు కాబట్టి దానిలో దాచుకోవడానికి ఏమీ ఉండదు. చింతపండు రసం, తరిగిన ఉల్లిపాయ, వేయించి దంచిన నువ్వుల పొడి, మిర్చి, పోపు. చెంచాతో తీసుకుని తాగి చూడండి. ముందు పులుపు, వెనకే నువ్వుల కమ్మదనం, చివర్లో కారం రావాలి. ఉల్లిపాయ కరకరలాడాలి. ఉల్లి మెత్తబడి, పులుసు ఒగరు తిరిగి ఉంటే నిన్నటిది. పులుసు బాగున్న చోట మిగిలిన కూరలు చెడిపోవడం నేను చూడలేదు.

మాంసం తినేవాళ్లకు: నాటుకోడి అని రాసిన ప్రతిచోటా నాటుకోడి ఉండదు. ముక్క నోట్లో పెట్టగానే విడిపోతే అనుమానించండి. నాటుకోడికి పీచు గట్టిగా ఉంటుంది, ఎముక సన్నగా, గట్టిగా ఉంటుంది, నమలాలి. వండటానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి చాలాచోట్ల ఆదివారమే చేస్తారు. తలకాయ కూర, బోటి (పేగుల కూర) కూడా ఆదివారం పొద్దున్నే అయిపోతాయి. బోటి తొలిసారి తినేవాళ్లు తక్కువగా తీసుకోండి. శుభ్రం చేయడంలో తేడా ఉంటే వాసనకే తెలిసిపోతుంది, అప్పుడు మొహమాటపడి తినవద్దు.

కారం తట్టుకోలేనివాళ్లు నీళ్లు తాగితే మంట పెరిగినట్టే ఉంటుంది. మజ్జిగ అడగండి. పప్పు, పెరుగు ముందే పక్కన పెట్టుకోండి. "కారం తగ్గించి చేయండి" అని మెస్‌లో అడిగితే లాభం లేదు. కూర అప్పటికే అయిపోయి ఉంటుంది.

6. ఎండ వేళ ఆగండి

రెండు నుంచి నాలుగు దాకా ఏమీ తినకండి. వేసవిలో అయితే అంబలి తాగండి, అంతే. ఈ వేళలో కొత్తవాడ గల్లీల్లో నడవండి. వరంగల్ దర్రీలు (నూలు తివాచీలు) నేసే పేట ఇది. ఆ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గాల చప్పుడు వినిపించే ఇల్లు ఉంటే గుమ్మంలో నిలబడి అడిగితే చూడనిస్తారు. అక్కడే అడగవలసిన మరో ప్రశ్న ఉంది: "సాయంత్రం రొట్టెలు ఎక్కడ తెచ్చుకుంటారు?" ఆ పేటలో ఏ రొట్టెల పొయ్యి మంచిదో ఆ పేటవాళ్లకన్నా ఎవరికీ తెలియదు.

7. సాయంత్రం: జొన్న రొట్టె, గుడాలు, మిర్చి

పొద్దు వాలాక రోడ్డు అంచున ఆడవాళ్లు పొయ్యిలు పెట్టుకుని జొన్న రొట్టెలు చేస్తారు. రొట్టె తీసుకునే ముందు చేతులు చూడండి. జొన్నపిండికి సాగే గుణం లేదు. మరిగే నీళ్లు పోసి కలిపి, మెత్తగా మర్దించి, చేత్తో చరుస్తూ తిప్పుతూ పెంచుకుంటూ పోవాలి. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో నీళ్లు అద్దుతారు. ఆ తడి ఆరాకే తిప్పుతారు. మంచి రొట్టె పొంగుతుంది, అంచులు పగలవు. అంచుల్లో పగుళ్లు కనిపిస్తే నీళ్లు చాలినంత వేడిగా లేవు. కొరికితే చేదు తగిలితే పిండి పాతది. చల్లారాక చెక్కలా బిగుసుకుంటుంది కాబట్టి అక్కడే, అప్పుడే తినండి. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి తొక్కు, లేదా కూర ఏదైనా.

జొన్న రొట్టె దొరకకపోతే మక్క రొట్టె అడగండి. అదీ లేకపోతే ఉడికించి పోపు పెట్టిన బొబ్బర గుడాలో శనగ గుడాలో బండి మీద ఉంటాయి. మూతపెట్టిన గిన్నెలోంచి ఆవిరి వస్తుంటేనే తీసుకోండి. మిర్చి బజ్జీకి పొద్దున చెప్పిన నూనె పరీక్షే.

రంజాన్ నెలలో వెళ్తే సాయంత్రం కార్యక్రమం మార్చుకోండి. ఇఫ్తార్ వేళకు మండిబజార్ చేరుకుని హలీం తినండి. కాసేపు గోధుమ, మాంసం కలిసిపోయే దాకా పెద్ద చెక్క కర్రతో మెదిపే పని చూసి, తర్వాత గిన్నె పట్టుకోండి.

8. మాట్లాడే తీరు

ఇది మర్యాద కోసమే కాదు, మంచి తిండి దొరకడానికి కూడా. వయసును బట్టి అక్కా, అన్నా, పెద్దమ్మా అని పిలవండి. మొదటి నిమిషంలోనే ఫోను తీసి ఫొటోలు తీయవద్దు. తినండి, డబ్బులు ఇవ్వండి, బాగుంటే బాగుందని చెప్పండి, ఆ తర్వాత అడగండి. వద్దంటే వదిలేయండి. రద్దీ వేళ వంటవాళ్లను ప్రశ్నలతో ఆపకండి, వాళ్ల వెనక వరుసలో పనికి వెళ్లవలసిన మనిషి నిలబడి ఉంటాడు. బేరం ఆడవద్దు. బండి మీద పది రూపాయలు మిగుల్చుకుంటే మనకు ఒరిగేది ఏమీ లేదు.

అన్నిటికన్నా బాగా పనిచేసే ప్రశ్న "ఇక్కడ ఏది ఫేమస్?" అన్నది కాదు. ఆ మాటకు అందరూ బిర్యానీ అంటారు. "మీ ఇంట్లోవాళ్లకు ఇక్కడి నుంచి ఏమి పట్టుకెళ్తారు?" అని అడగండి.

తరచూ జరిగే పొరపాట్లు

ఫోను పటంలో రేటింగు చుక్కలు చూసి చోటు ఎంచుకోవడం మొదటిది. ఈ పేటల్లో మంచి వంటవాళ్లలో చాలామంది ఆ పటంలో లేరు. రెండోది, పొద్దున బండి దగ్గరే నాలుగు పూరీలు తినేసి మధ్యాహ్నానికి ఆకలి లేకుండా చేసుకోవడం. తిండి కోసం వచ్చినవాళ్లను ఎక్కువగా ఓడించేది ఇదే. మూడోది, అన్నీ ఒకే రోజు పూర్తి చేయాలన్న తొందర. మార్కెట్ రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి రండి.

బతుకమ్మ రోజుల్లో వచ్చేవాళ్లకు ఒక మాట. సత్తుపిండి, మలీద, సద్దుల బతుకమ్మ నాటి చింతపండు పులుసు సద్ది, పెరుగు సద్ది, నువ్వుల సద్ది హోటళ్లలో వెతికి అలసిపోకండి. అవి ఇళ్లలో వండి, ఆట అయిపోయాక అక్కడే పంచుకునేవి. బతుకమ్మ ఆడే చోట మర్యాదగా పక్కన నిలబడితే మీ చేతిలోనూ ఒక ముద్ద పడుతుంది. రెండు చేతులూ చాపి తీసుకోండి.

రోజు సరిగ్గా గడిచిందో లేదో చూసుకోవడం

రాత్రి నోటుపుస్తకంలో తిన్న ప్రతిదాని పక్కన మూడు సంగతులు రాయండి: ఆ పొయ్యి ఏ వేళకు వెలుగుతుంది, అక్కడ రోజూ తినేవాళ్లు ఎవరు, మళ్లీ వెళ్తే ఏమి అడుగుతారు. మూడూ రాయగలిగితే ఆ చోటు మీకు తెలిసినట్టే. ధర, రుచి మాత్రమే గుర్తుంటే ఇంకోసారి వెళ్లవలసి ఉంటుంది. మరుసటి రోజు కడుపు తేలికగా ఉందో లేదో కూడా రాయండి. ఏ చోటి తిండి పడలేదో అప్పుడే తెలుస్తుంది.

9. ఇంటికి తెచ్చుకోవలసినవి

సర్వపిండి అదే రోజు తినాలి, మహా అయితే మర్నాడు పొద్దున. సకినాలు గాలి తగలని డబ్బాలో వారాల తరబడి ఉంటాయి. కొనే ముందు ఒకటి విరవండి. వంగకుండా పెళుసుగా విరగాలి, నువ్వులు, వాము వాసన రావాలి, పాత నూనె వాసన రాకూడదు.

మిర్చి యార్డులో బస్తాల లెక్కన అమ్ముడవుతుంది, కిలో రెండు కిలోలు అక్కడ అడగకండి. బయటి దుకాణాల్లో ఎండు కాయ కొనుక్కోండి, పొడి కొనకండి. రంగు కోసం రెండు పాళ్లు చపాటా, ఘాటు కోసం ఒక పాలు తేజ నా ఇంటి లెక్క. పిల్లలుంటే తేజ ఇంకా తగ్గించండి. కాయ మీద తెల్లని మచ్చలు, బూజు వాసన, చేత్తో నొక్కితే మెత్తదనం ఉంటే తీసుకోవద్దు. ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. తొడిమలు తీసి, రెండు రోజులు బాగా ఎండబెట్టి, మర ఆడించండి. మరలో అంతకుముందు ఏమి ఆడించారో అడిగి, మొదటి గుప్పెడు పొడి పక్కన పెట్టేయండి.

పొడి కొనక తప్పనప్పుడు గ్లాసు నీళ్లలో చిటికెడు పైన చల్లి, కలపకుండా చూడండి. ఎర్రని చారలు వేగంగా కిందికి జారితే రంగు కలిపారు. అడుగున గరుకుగా ఇసుకలాంటిది పేరుకుంటే ఇటుకపొడి కలిపారని అనుమానించాలి. అలాంటిది వంటలోకి వాడకండి.